పడమటికి వాలిన గట్లు

భూసంరక్షణ ఆఫీసు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 11

వదినా,

కవరు లావుగా ఉందని సంబరపడకు, చీర కాదు. మన వాలు మొత్తం మ్యాపు, నాలుగు మడతలు పెట్టి పంపుతున్నాను. ఫోనులో పంపొచ్చు కదా అంటావేమో. మన ఇంటి దగ్గర ఫోను పలకాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి, నిన్ను అక్కడికి ఎక్కించిన పాపం నాకెందుకు?

విషయం ఇదీ. ఈ ఏడు నుంచి వాలు భూమి దున్నాలంటే ప్రతి రైతుకూ నేల, నీటి సంరక్షణ ప్రణాళిక ఉండాలి. దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలి. మే నెలాఖరు గడువు. ప్రణాళిక లేని పొలంలో నాగలి దిగకూడదు. ఇప్పుడు నా ఉద్యోగం అదే, రైతుల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫారం నింపించడం. రోజుకి ఎనిమిది మంది వస్తారు. నిన్న ఒకాయన తన పొలాన్ని ఆకాశం నుంచి తీసిన ఫోటోలో చూసుకుని, "నా పొలం ఇంతేనా అమ్మా?" అని దిగాలుపడి కూర్చున్నాడు. పెద్దది చేసి చూపిస్తే గానీ కుదుటపడలేదు.

మన వాలులో పదకొండు పొలాలు. అందరూ ఇంత దూరం రాలేరు. అందుకని నువ్వే నా కాళ్లూ చేతులూ. గట్లు ఎక్కడున్నాయో మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీయి. ప్రతి గట్టూ సమంగా ఉందో లేదో నాన్న చట్రంతో చూసి పక్కన రాయి. గట్టు సమంగా ఉంటే వాన నీళ్లు అక్కడే నిలిచి ఇంకుతాయి, ఒక పక్కకి వాలితే అటే పరుగెత్తి మట్టిని కోసుకుపోతాయి. ఇది నీకు నేను చెప్పడమేమిటి గానీ, ఫారంలో అలాగే రాసుంది.

ఒక్క పొలం గురించే నాకు దిగులు. అట్టడుగున పడమటి మూలన ఉన్న, బద్ధకస్తుడని వాలంతా పేరు పెట్టిన మన నిద్ర బాబాయ్ పొలం. దాని మధ్యలో మనిషి లోతు కోత పడిందని ఇక్కడి పరిశీలకుడు ఇదివరకే రాసి పెట్టుకున్నాడు. అది బాబాయ్ నిర్లక్ష్యం వల్లే అని తేలితే ఆ రెండెకరాలూ మూసేస్తారు. గడ్డి పెంచి వదిలేయాలి, మళ్లీ దున్నడానికి ఉండదు. కాబట్టి అక్కడ జాగ్రత్తగా చూడు.

నాన్నతో చెప్పు, ఆయన చట్రానికి మళ్లీ డ్యూటీ పడిందని. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు

*

పై ఇల్లు
ఫిబ్రవరి 27

మరదలా,

నన్ను నీ కాళ్లూ చేతులూ అన్నావు, నోరు మాత్రం నీ దగ్గరే ఉంచుకున్నావు. పదకొండు పొలాలు తిరిగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మీ అన్నయ్య ట్రాక్టరు వంక పెట్టి తప్పించుకున్నారు.

మామయ్యగారికి మాత్రం పదేళ్లు తగ్గాయి. మడత కుర్చీ ఒకటి నాతో మోయించి, ప్రతి పొలంలోనూ వేయించుకుని కూర్చుని నన్ను ఆడించారు. చట్రం నీకు గుర్తుందిగా? రెండు పొడుగు కర్రలు పైన కలిపి, మధ్యలో అడ్డకర్ర, పైనుంచి దారానికి వేలాడే రాయి. అడ్డకర్ర మీద ఆయన మేకుతో గీసిన గీత. దారం ఆ గీత మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఎర్ర గుడ్డ కట్టిన కాలు ఎప్పుడూ ముందుండాలి. తూర్పున బాట దగ్గర మొదలుపెట్టాలి. చట్రాన్ని గిర్రున తిప్పకూడదు, ఎత్తి, వెనక కాలు ముందు కాలున్న చోట పడేలా ముందుకు పెట్టాలి. ఒక్కసారి చెయ్యి లాగి తిప్పబోతే, "అదేమన్నా గానుగా, తిప్పడానికి?" అని కేకేశారు.

పది పొలాల్లోనూ దారం గీత మీంచి కదల్లేదు. పాత గట్లన్నీ ఈ చట్రంతో ఆయన దగ్గరుండి పెట్టించినవే, కదలమంటే ఎలా కదులుతుంది? ఆయన ప్రతి గట్టుకీ "చూశావా" అనడం, నేను "చూశానండీ" అనడం.

నిద్ర బాబాయ్ పొలంలో మాత్రం దారం పక్కకి పోయింది. నాలుగు గట్లూ అంతే. బాబాయ్ గట్లు పెట్టుకున్న రోజుల్లో చట్రం అరువు తీసుకెళ్లాడట గానీ, ఎత్తి పెట్టడానికి బద్ధకించి, చట్రం ఒక కాలు నేల మీదే ఉంచి రెండో కాలు ముందుకు తిప్పుకుంటూ పోయాడట. వాలంతా చూసి నవ్వారట. మామయ్యగారు ఆయన ఎదురుగానే, "అవి గట్లు కావు, గంతులు" అన్నారు. బాబాయ్ నీళ్లు తాగుతారా అని అడిగాడు.

ఆయన కోత చూశాను. ఏటా రాళ్లు పేరుస్తాడు, ఏటా కొట్టుకుపోతాయి. పేర్చిన చేతులు చూస్తే నిద్రపోయే మనిషిలా అనిపించలేదు నాకు. సర్లే, నువ్వు అడిగింది అది కాదు.

ఫారంలో అడిగిన మట్టి నమూనాలు పదకొండు సీసాల్లో నీళ్లు కలిపి కిటికీలో పెట్టాను. ఇసుక కిందికి, ఒండ్రు పైకి తేరాక కొలతలు రాసి ఇందులోనే పెట్టాను. మీ అన్నయ్య అందులో ఒకటి షర్బత్ అనుకుని మూత తీశారు.

నీ వదిన

*

భూసంరక్షణ ఆఫీసు
మార్చి 10

వదినా,

నువ్వు బంగారానివి. పదకొండు ప్రణాళికలూ ఎక్కించేశాను. నీ ఎర్ర గీతలు చూసి మా పైఆఫీసరు, "ఈవిడ సర్వేయరా?" అని అడిగారు. మా వదిన అన్నాను. ఆ రెండిటికీ తేడా ఏమిటో ఆయనకి అర్థం కాలేదు.

ఒక తమాషా చెప్పాలి. మ్యాపు మీద గట్లు గీయగానే వెబ్‌సైటు తనంతట తానే నీళ్ల దారి బాణాలు వేసి చూపిస్తుంది. మన పది పొలాల్లోనూ బాణాలన్నీ గట్ల వెంబడి పడమటికి ఉరికాయి. అంటే మన గట్లన్నీ పడమటికి వాలాయట! నిద్ర బాబాయ్ పొలంలో మాత్రం బాణాలు లేవు. ఆయన గట్లు సమంగా ఉన్నాయట. కళ్లు తేలేశాను. నాన్న గట్లు వంకరా, బాబాయ్‌వి సూటిగానా? ఆకాశం నుంచి చూసేవాడికి ఏం తెలుస్తుంది?

అదృష్టం కొద్దీ ఇలాంటప్పుడు పెట్టడానికి ఒక గడి ఉంది, "క్షేత్రంలో పరికరంతో చూసి నిర్ధారించాం" అని. అందులో టిక్కు పెడితే వెబ్‌సైటు నోరు మూసుకుంటుంది. పది పొలాలకి సమంగా ఉన్నాయని, బాబాయ్ పొలానికి లేవని టిక్కులు పెట్టేశాను. నాన్న చట్రం కన్నా పెద్ద పరికరం నాకు తెలీదు.

మన పొలం ప్రణాళిక మంజూరైపోయింది. కాగితం జత చేశాను, నాన్నకి చూపించు. ఫ్రేమ్ కట్టించమంటారు, కట్టించు.

నీ మరదలు

*

పై ఇల్లు
మార్చి 24

మరదలా,

క్షేమం. పని ఎక్కువగా ఉంది, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

నేను కొలిచిన దాంట్లో తేడా ఉండొచ్చు. ఎండ, చేతుల నొప్పి, మామయ్యగారి కేకలు. దారం సరిగ్గా చూసి ఉండను. నువ్వు పెట్టిన ఆ టిక్కులు తీసెయ్యడం కుదురుతుందా? అన్నీ కుదరకపోతే బాబాయ్ పొలానిదొక్కటైనా తీసెయ్.

పొలం ఒకసారి మూసేస్తే మళ్లీ ఎప్పటికైనా తెరుస్తారా? కనుక్కుని రాయి.

మామయ్యగారు మంజూరు కాగితం గోడకి పెట్టించారు. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తున్నారు.

వదిన

*

భూసంరక్షణ ఆఫీసు
ఏప్రిల్ 4

వదినా,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి చెప్పేస్తున్నాను.

నువ్వు కొలిచినప్పుడు పక్కన నాన్న ఉన్నారు. నువ్వు ప్రతి అంగుళం చూశావని నీ ఉత్తరమే చెప్తోంది, నా ముందే ఉంది. ఇప్పుడు హఠాత్తుగా చేతుల నొప్పి అంటున్నావు. నాకు అర్థమైందేమిటంటే నీకు బాబాయ్ మీద జాలి కలిగింది. నాకూ ఉంది. కానీ జాలిపడి టిక్కులు మార్చడం మొదలుపెడితే నేనీ కుర్చీలో కూర్చోకూడదు. రోజూ ఎనిమిది మందికి "ఉన్నది ఉన్నట్టు రాయండి" అని చెప్పేది నేనే.

ఇంకో మాట, ఇది నీకు రుచించదు. బాబాయ్ ప్రణాళిక తిరస్కరించారు. "గట్లు సమంగా లేవు, యజమాని నిర్లక్ష్యం వల్ల కోత పడింది" అని నోటీసు బయల్దేరింది. మే 31 లోపు సరైన కారణం చూపించకపోతే పొలం మూతపడుతుంది. ఒకసారి మూస్తే తెరవరు. నువ్వు అడిగావు కాబట్టి పైఆఫీసరునే అడిగి రాస్తున్నాను.

ఆయన గట్లు పెట్టిన రోజున కాస్త ఒళ్లు వంచి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచీ నాన్న ఈ మాట అంటుంటే విన్నాను.

నువ్వు నా దగ్గర ఏదైనా దాస్తుంటే మాత్రం చెప్పు.

మరదలు

*

పై ఇల్లు
ఏప్రిల్ 15

మరదలా,

దాచాను. తప్పు నాది కాబట్టి ముందు నువ్వు తిట్టిన తిట్లు తిన్నాను. ఇప్పుడు విను.

మార్చిలో మన రెండో గట్టుకి గండి పడితే, పూడ్చే ముందు మట్టం చూడ్డానికి ఒక్కదాన్నే చట్రం పట్టుకెళ్లాను. మామయ్యగారు లేరు, కేకలేసేవాళ్లు లేరు. చెయ్యి లాగుతోందని ఎత్తి పెట్టడం మానేసి, నిద్ర బాబాయ్ లాగా ఒక్కో కాలూ తిప్పుకుంటూ పోయాను. పది తిప్పులకే పాత గట్టు నాకు దిగువన ఉండిపోయింది. నేను పైకి పోతున్నాను, గట్టు కిందికి పోతోంది. బుర్ర పాడైందేమో అనుకుని వెనక్కొచ్చి, రెండు మేకులు పాతి, వాటి మీద చట్రం నిలబెట్టాను. దారం గీత మీద నిలిచింది. అప్పుడు కాళ్లు తారుమారు చేసి, అవే మేకుల మీద మళ్లీ పెట్టాను. ఒకే ఎత్తులో ఉంటే దారం మళ్లీ అక్కడే నిలవాలి కదా? గీత దాటి రెండు వేళ్లు అవతలికి పోయింది.

అంటే గీతే తప్పు మరదలా. మేకుతో గీసిన ఆ గీత.

ఎందుకో ఆలోచిస్తూ ఇంటికొచ్చి వరండాలో కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు మెట్ల వైపు పాకాయి. రోజూ పాకుతాయి, ఆ రోజే చూశాను. ఆ గచ్చు మామయ్యగారు స్వయంగా వేసింది. జల్లు పడితే నీళ్లు నిలవకూడదని వాలు పెట్టి వేశారు. కొన్నేళ్ల తర్వాత చట్రం చేసుకుని, గీత పెట్టడానికి ఆ గచ్చు మీదే నిలబెట్టారట, అత్తయ్యగారు నాకు ఎన్నోసార్లు చెప్పారు. తను వేసిన గచ్చు మీద ఆయనకి అనుమానం ఎందుకొస్తుంది?

చట్రం ముందుకు పెట్టిన ప్రతిసారీ అరంగుళం దిగిపోతుంది. వందసార్లు పెడితే నాలుగడుగుల పైనే. తిప్పుకుంటూ పోతే ఒకసారి అరంగుళం దిగి, ఇంకోసారి అరంగుళం ఎక్కి, చెల్లుకి చెల్లు అయిపోతుంది. ఎర్ర గుడ్డ కాలు ఎప్పుడూ ముందుంచి, ఎప్పుడూ తూర్పునే మొదలుపెట్టి, ఒక్కసారైనా తిప్పకుండా క్రమశిక్షణగా పెట్టారు కాబట్టే పది పొలాల గట్లూ పడమటికి దిగాయి. ఈ వాలు మీద సమంగా ఉన్న గట్లు నాలుగే. అవి బాబాయ్‌వి. మన పది పొలాల నీళ్లూ గట్ల వెంబడి పరుగెత్తి ఆయన నెత్తిన పడుతున్నాయి. ఆ కోత మనం కోసిందే.

నీ వెబ్‌సైటు మొదటి రోజే నిజం చెప్పింది. దాని నోరు నువ్వు మూశావు, మూయించింది నేను.

నీకెందుకు చెప్పలేదంటే, ఆయన ఆ కాగితం గోడకి పెట్టించుకున్నారు. వేరే కారణం లేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు నాగలి పట్టడం కూడా తెలీదు. ఒక్క మాట అనకుండా పక్కన నిలబడి నేర్పించారు. ఆయనకి ఇది నా నోటితో చెప్పలేకపోతున్నాను. ఎదుట కూర్చుని అన్నం పెడుతున్నప్పుడల్లా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది.

నీ వదిన

*

భూసంరక్షణ ఆఫీసు
ఏప్రిల్ 24

వదినా,

ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. తర్వాత లోపలికెళ్లి టిక్కులన్నీ తీసి చూశాను. బాణాలన్నీ తిరిగి లేచాయి. పదిమంది నీళ్లు ఒక్క మూలకి. ఆ మ్యాపు చూస్తుంటే సిగ్గేసింది. ముందు నీకు క్షమాపణ. ఒళ్లు వంచలేదని బాబాయ్‌ని ఎంత తేలిగ్గా అనేశాను!

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. నా టిక్కులు తప్పని ఆఫీసుకి రాసిచ్చాను, దానికి మెమో వస్తుంది, రానీ. కానీ అంతమాత్రాన నోటీసు పోదు. కోత పై పొలాల నీళ్ల వల్లే పడిందని ఎగువ రైతు ఒప్పుకుంటూ ప్రకటన ఇవ్వాలి. అప్పుడు అది బాబాయ్ తప్పు కాకుండా వాలు మొత్తం పని అవుతుంది. అందరి గట్లూ మళ్లీ సమంగా వేయడానికి రెండేళ్లు గడువిస్తారు. నీళ్లు దిగడానికి పడమటి అంచున గడ్డి కాలవ ఒకటి తీయాలి. అది తీయాల్సింది మన భూమిలోంచే. అన్ని పొలాలకీ పైన ఉన్నది మనది కాబట్టి సంతకం నాన్నది. భూమి ఆయన పేరున ఉంది, నేను చేసినా నువ్వు చేసినా చెల్లదు.

నాన్నకి చెప్పే ధైర్యం నాకూ లేదు. ఈ ఉత్తరం మొదటిసారి రాసినప్పుడు "నువ్వే ఎలాగోలా చెప్పు వదినా" అని రాశాను. అది చింపేశాను. ఆయన కూతుర్ని నేను. ఈ కవరులోనే ఇంకో చిన్న కవరుంది, నాన్నకి. మ్యాపు, నీ మేకుల పరీక్ష, నా టిక్కులు, అన్నీ రాశాను. గచ్చు సంగతి కూడా. నువ్వు చేతికివ్వు చాలు.

నీ మరదలు

*

పై ఇల్లు
మే 7

మరదలా,

కవరు ఇచ్చాను. కళ్లజోడు తెప్పించుకుని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు రోజులు మాతో మాట్లాడలేదు. మీ అన్నయ్య ఏదో సర్దిచెప్పబోతే, "ట్రాక్టరు సంగతి చూసుకో" అన్నారు. అదొక్కటే మాట.

నాలుగో రోజు పొద్దున్నే తోటకి నీళ్లు పెట్టే, లోపల నీళ్లు కనిపించే తెల్ల పైపు తీయమన్నారు. దాన్నిండా నీళ్లు పోయించి, ఒక కొస తను పట్టుకుని, ఇంకో కొస నాకిచ్చి మొదటి గట్టు మీద అవతల నిలబెట్టారు. పైపులో నీళ్లు రెండు పక్కలా ఒకే ఎత్తులో నిలుస్తాయి కదా, అది చూడ్డానికి. ముప్పై గజాల పైపుకే దాదాపు జానెడు తేడా వచ్చింది. రెండో గట్టు మీదా అంతే. మూడో గట్టు దగ్గర, "ఇంక వద్దులే" అని పైపు వదిలేసి గట్టు మీద కూర్చున్నారు.

"ఎంతమంది పట్టుకెళ్లారమ్మా ఈ చట్రం?" అన్నారు.

"మన వాలు వరకేనండీ."

"అవతలి వాలువాళ్లు అడిగితే ఇవ్వలేదు. బతికిపోయారు."

నవ్వాలో ఏడవాలో తెలియక నేను పైపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

ప్రకటన కాగితం తీసి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. "నేను బతికుండగా ఈ సంగతి వాడికి ఆఫీసు కాగితంలో తెలియడమేమిటి? ముందు నేను వెళ్లి చెప్పాలి" అన్నారు. సరేనండీ వెళ్దాం అన్నాను. అది శనివారం. ఆదివారం మోకాలు నొప్పి అన్నారు. సోమవారం ఎండ అన్నారు. నిన్న చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లి తిరిగొచ్చారు.

నీ వదిన

*

భూసంరక్షణ ఆఫీసు
మే 16

వదినా,

ఇంకా ప్రకటన రాలేదు. పదిహేను రోజులున్నాయి, పోస్టుకే నాలుగు పోతాయి. పరిశీలకుడు నిన్న నా బల్ల దగ్గర ఆగి, "ఆ మూల పొలం ఫైలు మూసేద్దామా?" అని అడిగాడు. ఆగమన్నాను. దేని కోసం అన్నాడు. మా నాన్న కోసం అన్నాను.

మెమో వచ్చింది. నిర్ధారణ లేకుండా నిర్ధారించానట. నిజమే కదా, ఏం జవాబివ్వను? ఒప్పుకుని సంతకం పెట్టాను. పెట్టేముందు పెన్ను రెండుసార్లు కింద పెట్టాను. ఒక్క మెమోకే నాకిలా ఉంటే, ముప్పై ఏళ్ల గట్లకి నాన్నకెలా ఉంటుందో అనుకున్నాను. తొందరపెట్టకు అని రాద్దామనుకున్నాను గానీ, బాబాయ్ గురించి ఆలోచిస్తే ఆ మాట రాయలేకపోతున్నాను. తొందరపెట్టు వదినా.

నీ మరదలు

*

పై ఇల్లు
మే 22

మరదలా,

ప్రకటన ఇందులో ఉంది. సంతకం చూసుకో, మీ నాన్నదే. మిగతాది వివరంగా రాస్తాను, ఎందుకంటే నువ్వు కూడా అక్కడ ఉండాల్సింది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి వినిపించాను. మెమో దగ్గరికి రాగానే, "నా కూతురికి మెమో ఇచ్చారా?" అని లేచారు. చెప్పులు వేసుకున్నారు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. నేను గొడుగు పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

బాబాయ్ వాకిట్లో కూర్చుని పురుగుమందు కొట్టే పంపుకి వాషరు వేస్తున్నాడు. లేచి కుర్చీ తుడిచాడు. మామయ్యగారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"నీ పొలం కోసింది నా గట్లేరా. చట్రం మీద గీత తప్పు పెట్టాను. పదిమంది చేతా పెట్టించాను. నీ గట్లే సరైనవి. నువ్వు తిప్పావు చూడు, అదే సరి."

బాబాయ్‌కి ఏమీ అర్థం కాలేదు. "నేను చేతకాక తిప్పాను పెద్దాయనా. బరువుగా ఉంటేనూ" అన్నాడు.

"బరువుగా ఉందనో తేలిగ్గా ఉందనో, సరిగ్గా పెట్టావు. నేను తప్పు పెట్టాను. అంతమందిలో నిన్ను చూసి నవ్వాను కూడా. అది కూడా తప్పే."

నేను మ్యాపు తీసి బాణాలు చూపించాను. బాబాయ్ వేలు పెట్టి ఒక్కో పొలం మీంచి ఒక్కో బాణం వెంట వచ్చాడు. పదీ తన మూల దగ్గర ఆగాయి. వాషరు చేతిలోంచి జారిపోయింది, వెతుక్కోలేదు. లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. తుడుచుకోలేదు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండునేమో.

"ఏటా రాళ్లు పేర్చి ఏటా పోతుంటే, నా చేతుల్లోనే ఏదో లేదనుకున్నాను" అన్నాడు.

మామయ్యగారు అప్పుడు కూర్చున్నారు. కూర్చుని, "కాలవకి మా పడమటి అంచు నాలుగు గజాల వెడల్పున వదిలేస్తున్నాను. ఈ వానలకి ముందే తవ్విస్తాను. మా గట్లు ముందు సరిచేస్తాను, మిగతావాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను" అన్నారు. కాగితం అడిగి, నీ ఆఫీసు వాళ్లు అచ్చువేసిన వాక్యాల కింద తన చేత్తో ఇంకో వాక్యం రాశారు. రాయకూడదేమో నాకు తెలీదు, నేను ఆపలేదు. "ఈ పొలం యజమాని ఏనాడూ నిర్లక్ష్యం చేయలేదు, పక్కనే ఉండి నేను చూశాను" అని రాసి, దాని కింద సంతకం పెట్టారు. మీ నాన్న దస్తూరి ఎప్పుడూ ముత్యాల్లా ఉంటుందంటావు కదా. ఈ వాక్యం వంకరగా వచ్చింది, చదవడానికి వస్తుంది.

బాబాయ్‌కి ఇంకేమైనా కావాలేమో, నష్టం గురించి ఏమైనా రాయాలేమో అడిగాను. వద్దన్నాడు. మేం గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

"అమ్మాయ్, పెద్దాయన రాసిన ఆ కాగితం కాపీ ఒకటి వస్తుందా?"

వస్తుంది, నోటీసుకి జవాబుగా మీ ఇంటికే పంపిస్తారు అన్నాను.

"నాకు కాదు. మా అమ్మాయికి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తోంది. పొలం చూసుకుంటా నాన్నా అని పంతం పట్టింది ఒకప్పుడు. వద్దన్నాను. నేను చేతకానివాణ్ణి, ఈ నేల నా చేతుల్లో నిలవదు, నీ చేతుల్లో కూడా అదే ఉంటుందేమో, పో అని నేనే పంపేశాను. ఆ మాట నేను చెప్పిందే. ఇప్పుడు కాదని నేను చెప్తే ఎలా నమ్ముతుంది? ఆఫీసు ముద్ర ఉంటే నమ్ముతుంది."



ఆ అమ్మాయి అడ్రసు ఈ కాగితం వెనక రాశాను. ముద్ర స్పష్టంగా పడేలా చూడు, రిజిస్టరు పోస్టులో పంపు.

నీ వదిన